పాత సర్వే రాయి ఒకచోట, కొత్త కొలత ఇంకోచోట: ఏది చెల్లుతుంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. భీమవరం వైపు పల్లెలో మీ నాన్నగారి నుంచి వచ్చిన ఎకరం ఇరవై సెంట్ల వరి చేను ఉంది. ఉత్తరం గట్టు మీద చిన్నప్పటి నుంచి ఒక సర్వే రాయి చూస్తున్నారు. అవతలి రైతు తన చేను చేపల చెరువుగా మార్చుకోవాలని కొలత పెట్టిస్తే, సర్వేయరు వేసిన కొత్త గుర్తు ఆ రాయిని దాటి నాలుగు అడుగులు మీ చేలోకి వచ్చింది. రాయిని ఎవరో జరిపారని ఆయన అంటున్నారు, కొలత తప్పని మీరంటున్నారు. ఇలా రాయీ గీతా కలవనప్పుడు సర్వేయర్లు దేన్ని నమ్ముతారని అడిగారు.

సూటిగా చెప్తాను. సర్వే నాడు నాటిన రాయి నాటినచోటే ఉందని తేలితే రాయిదే పైచేయి, కొలత దానికి సర్దుకోవాల్సిందే. రాయి కదిలిందని తేలితే దాన్ని పక్కన పెట్టేసి, కదలని మిగతా రాళ్ళ నుంచి ఎఫ్ఎంబీ (ఫీల్డ్ మెజర్మెంట్ బుక్, అంటే చేను కొలతల పటం) ప్రకారం ఆ చోటును మళ్ళీ పట్టుకోవాలి. అంటే మీ తగాదా మొత్తం ఒక్క ప్రశ్న మీదే ఉంది: ఆ రాయి కదిలిందా, లేదా? మీరు రాసినదాన్ని బట్టి ఆ పరీక్ష ఎవరూ చేసినట్టు లేదు. సర్వేయరు గుర్తు వేశాడు, రాయి అక్కడ లేదు కాబట్టి రాయి జరిగిందన్నారు. అది నిరూపణ కాదు.

నేను సర్వే శాఖలో గోదావరి జిల్లాల్లో పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు కోర్టు కమిషనర్లు పిలిచినప్పుడు, తెలిసినవాళ్ళు అడిగినప్పుడు పొలాలకు వెళ్తుంటాను. ఇక్కడ రాసేది ముఖ్యంగా ఆంధ్ర ప్రాంతపు పద్ధతి. తెలంగాణలో రికార్డులు వేరు, దాని గురించి చివర్లో రెండు మాటలు చెప్తాను.

టేపు కంటే రాయికి ఎందుకు అంత విలువ? సర్వే జరిగిన వరస చూస్తే తెలుస్తుంది. ముందు హద్దు తేల్చి రాళ్ళు నాటారు. తర్వాత రాయి నుంచి రాయికి గొలుసు లాగి కొలిచారు. ఆ తర్వాతే పటం గీశారు. ఎఫ్ఎంబీ అంటే నేలమీది రాళ్ళ గురించి కాగితం మీద రాసుకున్న లెక్క. లెక్కకూ వస్తువుకూ తేడా వస్తే వస్తువునే చూడాలి కదా.

పైగా ఆ లెక్క రాసింది గంటర్ గొలుసుతో. 66 అడుగుల గొలుసుకు 100 లింకులు, లింకు 7.92 అంగుళాలు. గొలుసు వాడగా వాడగా సాగుతుంది, కడియాలు అరుగుతాయి. బురదలో, గట్ల మీదుగా, ముళ్ళకంపల మధ్య లాగితే బిగువు ఒక్కలా ఉండదు. రాసుకునేటప్పుడు పూర్తి లింకుల్లోనే రాసేవారు. అందుకే పది గొలుసుల దూరంలో రెండు మూడు లింకుల తేడా రావడం నాకు కొత్తేం కాదు. మూడు లింకులంటే దాదాపు రెండడుగులు. నేటి రోవరు (ఉపగ్రహాల సాయంతో చోటు పట్టే సర్వే పరికరం) సెంటీమీటర్లలో చూపిస్తుంది, నిజమే. దానితో పటంలో ఉన్న అంకెను తెచ్చి నేలమీద పెడితే అంకె కచ్చితంగానే పడుతుంది. ఆనాడు నాటిన హద్దు అక్కడే ఉండాలని మాత్రం లేదు.

చట్టం కూడా ఇదే దారిలో ఉంది. ఆంధ్ర ప్రాంతానికి 1923 నాటి సర్వే, సరిహద్దుల చట్టం వర్తిస్తుంది. సర్వే పూర్తయి 13వ సెక్షన్ కింద నోటిఫై అయ్యాక, సివిల్ కోర్టు డిక్రీతో మారిస్తే తప్ప ఆ రికార్డే హద్దులకు తిరుగులేని సాక్ష్యం. అందుకని మామూలు కొలతకు వచ్చిన సర్వేయరుకు కొత్త హద్దు వేసే అధికారం లేదు. ఎప్పుడో వేసిన హద్దు ఎక్కడుందో వెతికి చూపించడమే ఆయన పని. ఈ తేడా రైతులకే కాదు, కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రాళ్ళకూ కొన్నిసార్లు తెలియదు.

ఇక రాయి కదిలిందో లేదో ఎలా తేలుస్తారు?

మొదటి సంగతి, ఒంటరి రాయిని ఎవరూ నమ్మరు, ఒంటరి రాయిని ఎవరూ కొట్టిపారెయ్యరు. మీ చేను ఎఫ్ఎంబీలో హద్దు గీతలు ఉంటాయి, వాటిని మేం ఎఫ్-లైన్లు అంటాం. చేను అడ్డంగా త్రిభుజాలుగా కోస్తూ వెళ్ళే గీతలు జీ-లైన్లు. వాటి మీది నుంచి మూలలకు, వంపులకు ఆఫ్‌సెట్ కొలతలు (గీత నుంచి పక్కకు కొలిచిన దూరాలు) ఉంటాయి. అనుమానం ఉన్న రాయిని తేల్చాలంటే దాన్ని వదిలేసి, దానికి సంబంధం లేని కనీసం మూడు మంచి రాళ్ళు వెతకాలి. ఆ మూడింటి మధ్య దూరాలు పటంతో సరిపోతే అవి కదల్లేదని ఒప్పుకోవచ్చు. అప్పుడు వాటి నుంచి మీ రాయి దగ్గరకు రెండు మూడు దారుల్లో రావాలి. అన్ని దారులూ రాయి దగ్గరే, లింకు రెండు లింకుల అటూ ఇటూగా కలిస్తే రాయి మంచిది. అన్నీ కలిసి నాలుగడుగుల అవతల ఒకేచోట కలిస్తే రాయి కదిలింది. దారికొక చోట పడితే మొదలుపెట్టిన రాళ్ళలోనే తేడా ఉంది, వెనక్కి వెళ్ళాలి.

మీ చేలో మూడు రాళ్ళు దొరక్కపోవచ్చు. డెల్టాలో ఇది మామూలే. ట్రాక్టర్లు, రోటవేటర్లు, కాలవ పూడికతీతలు, రోడ్డు పనులు చాలా రాళ్ళను మింగేశాయి. కొన్ని ఇళ్ళకు చేరాయి. రేవులో బట్టలుతికే బండగా పడి ఉన్న సర్వే రాయిని నేనే చూశాను, పైన చెక్కిన గుర్తుతో సహా. అలాంటప్పుడు పక్క సర్వే నంబర్లకు, ఆపైన అవసరమైతే ఊరి పొలిమేర దాకా పోవాలి. మూడు ఊళ్ళ పొలిమేరలు కలిసేచోట పెద్ద రాయి ఉంటుంది, ట్రైజంక్షన్ అంటాం. అవి తక్కువగా కదులుతాయి, ఎందుకంటే వాటితో ఏ ఒక్క రైతుకూ పెద్ద లాభం లేదు. దూరమైనా అక్కడి నుంచి రావడమే మేలు. పని ఎక్కువ, అందుకే చాలామంది ఆ పని చెయ్యరు.

రెండోది, రాయి మొదలు దగ్గర తవ్వి చూడడం. ఇది కొలత కంటే ముందు చెయ్యాలి. మన నల్లరేగడి వానకు ఉబ్బి, ఎండకు బీటలు తీస్తుంది. రాయి ఒరిగిపోతుంది, కుంగుతుంది. ఒరిగిన రాయికి తల ఒకచోట, మొదలు ఒకచోట. కొలవాల్సింది మొదలు దగ్గర. తల పట్టుకుని కొలిస్తే అడుగు తేడా ఉత్తినే వస్తుంది. తవ్వినప్పుడు చుట్టూ మట్టి బిగిసి ఒకే పొరగా ఉంటే రాయి చాలాకాలంగా అక్కడే ఉన్నట్టు. గుల్లగా, ఇటుక ముక్కలూ చెత్తా కలిసి ఉంటే ఎవరో మళ్ళీ పాతారు. ఒక ఊళ్ళో, తాతల నాటి నుంచి అక్కడే ఉందని ఇంటిల్లిపాదీ ఒట్టేసిన రాయి అడుగున గుట్కా ప్యాకెట్ దొరికింది. ఆ కొలతలో టేపు తీసే పని లేకుండానే సగం సంగతి తేలిపోయింది.

రాయి లేనేలేకపోతే అది ఉన్న గుంటైనా దొరకవచ్చు. జాగ్రత్తగా పొరలు తీస్తూ పోతే వేరే రంగు మట్టి కనబడుతుంది. జేసీబీ పెట్టి తవ్వితే ఆ ఆధారం కూడా పోతుంది, పారతోనే తియ్యాలి.

మూడోది చుట్టూ ఉన్న సాక్ష్యం. గట్టు మీద పాత తాటిచెట్ల వరస ఉందా? తాడి నిదానంగా పెరుగుతుంది, ఒకసారి నాటాక ఎవరూ జరపలేరు. వరసగా ఉన్న ముదురు తాళ్ళు రాయితో ఒకే గీతలో ఉంటే నేను ఆ రాయి వైపు మొగ్గుతాను. పాత తూము, పుంత (బండ్ల బాట) అంచు, నాటుబావి కూడా పనికొస్తాయి. పెద్దవాళ్ళ మాట వింటాను కానీ తగాదా మొదలయ్యాక చెప్పిన మాటకు అంత బరువు ఇవ్వను.

ఇక మీ నాలుగు అడుగుల సంగతి. ఇది లింకుల్లో ఆరు. ఎకరం చిల్లర చేలో ఒక పక్క గీత నాలుగైదు గొలుసుల కంటే ఎక్కువ ఉండకపోవచ్చు. అంత చిన్న దూరానికి గొలుసు సాగుడు వల్ల ఆరు లింకులు రావు. కాబట్టి మీ తేడాకు నాకు మూడే కారణాలు కనబడుతున్నాయి: రాయి నిజంగానే కదిలింది, లేదా సర్వేయరు తప్పుచోట మొదలుపెట్టాడు, లేదా పటంలో అంకె తప్పు చదివాడు. మూడోదాన్ని తేలిగ్గా తీసుకోకండి. నకళ్ళ మీద నకళ్ళు తీసిన ఎఫ్ఎంబీల్లో 3కూ 8కీ, 1కీ 7కూ తేడా తెలియదు. మీ ఉమ్మడి హద్దు మీ ఎఫ్ఎంబీలోనూ ఉంటుంది, పక్క నంబరు ఎఫ్ఎంబీలోనూ ఉంటుంది. రెండింటినీ పక్కపక్కన పెట్టి ఆ గీత పొడవు ఒకటేనా చూడండి. అవి కలవకపోతే సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

రెండో కారణమే నేను ఎక్కువగా చూసింది. టైము లేక, ఎండకు తాళలేక, దగ్గర్లో కనబడిన రోడ్డు అంచు నుంచో కాలవ గట్టు నుంచో మొదలుపెడతారు. పంచాయతీ రోడ్డు ఈ నలభై ఏళ్ళలో ఎన్నిసార్లు వెడల్పయింది? ఏ వైపు వెడల్పయింది? కాలవ గట్టు ఎన్నిసార్లు పోశారు? అందుకని ఆ సర్వేయరును కోపంగా కాకుండా ఒకే ప్రశ్న అడగండి: "ఏ రాళ్ళ నుంచి మొదలుపెట్టారండీ?" స్కెచ్ మీద ఆ రాళ్ళు గుర్తుపెట్టి ఇమ్మనండి. జవాబు "రోడ్డు నుంచి" అయితే ఆ కొలతను మీరు ఒప్పుకోనక్కర్లేదు.

"ఇద్దరు సర్వేయర్లు వచ్చారు, ఇద్దరూ రెండు చోట్ల పెట్టారు, డబ్బు తీసుకుని పెట్టారు" అని ఊళ్ళల్లో తరచు వినిపిస్తుంది. డబ్బు సంగతి వదిలేద్దాం, నిజాయితీగా కొలిచినా రెండు చోట్ల పడొచ్చు. ఎలాగంటే, రెండు మంచి రాళ్ళ మధ్య పటంలో 1000 లింకులు రాసి ఉంది అనుకోండి. మీటర్లలో 201.17. నేలమీద ఈరోజు కొలిస్తే 202 మీటర్లు వచ్చింది. అంటే 83 సెంటీమీటర్లు ఎక్కువ. మధ్యలో పోయిన రాయి దక్షిణం నుంచి 400 లింకుల దగ్గర ఉండాలి. దక్షిణం నుంచి కొలిచినవాడు 80.47 మీటర్ల దగ్గర పెడతాడు. ఉత్తరం నుంచి 600 లింకులు, అంటే 120.70 మీటర్లు, కొలిచినవాడు పెట్టే గుర్తు దక్షిణం నుంచి 81.30 దగ్గర పడుతుంది. మధ్యలో 83 సెంటీమీటర్ల నేల. ఇద్దరు రైతులూ తలో సర్వేయరును పెట్టుకుని, దాని కోసం ఏళ్ళ తరబడి పోట్లాడతారు.

సరైన పద్ధతి ఏమిటంటే మిగులునో తగ్గుదలనో మొత్తం పొడవు మీద దామాషాగా పంచాలి. 202లో పదింట నాలుగు వంతులు, 80.80 మీటర్ల దగ్గర రాయి. ఆనాటి గొలుసులో లోపం దారి పొడవునా సమానంగా ఉండి ఉంటుందన్నది దీని వెనక ఉన్న తర్కం. ఒక షరతు ఉంది. చివరి రెండు రాళ్ళూ కదలనివై ఉండాలి, మధ్యలో కదలని రాయి ఇంకేదీ ఉండకూడదు. మధ్యలో ఒక మంచి రాయి దొరికితే లెక్క అక్కడ తెగిపోతుంది, ఆ రాయికి అటూ ఇటూ విడివిడిగా పంచాలి. మంచి రాయి కళ్ళముందు ఉండగా దామాషా లెక్క వేసి దాన్ని జరపడం మహా తప్పు.

విస్తీర్ణం గురించి మీరు అడగలేదు కానీ అడుగుతారు. "నా పట్టాలో 1.20 ఉంది, ఈ గుర్తు ప్రకారం తగ్గుతోంది కదా" అని. ఉత్తరం పక్క నాలుగు గొలుసులు అనుకుంటే, 264 అడుగుల మీద నాలుగడుగులు, 1056 చదరపు అడుగులు. రెండున్నర సెంట్లకు కాస్త తక్కువ. మీ విస్తీర్ణం ఏ గుర్తుతో సరిపోతుందో, పక్కాయనది దేనితో సరిపోతుందో చూడడం మంచి పరీక్షే. కానీ అది తోడు సాక్ష్యం మాత్రమే. విస్తీర్ణం అనేది కొలతల నుంచి లెక్కగట్టినది, దస్తావేజుల్లో ఒకదాన్ని చూసి ఇంకొకదాంట్లో ఎక్కించినది. హద్దులకూ విస్తీర్ణానికీ పొసగకపోతే మామూలుగా కోర్టులు స్పష్టమైన హద్దుల వైపే నిలబడతాయి. మీ దస్తావేజులో చెక్కుబందీ (నాలుగు వైపుల హద్దుల వివరం) చదవండి. "ఉత్తరం: ఫలానావారి భూమి" అని ఉంటే పెద్దగా సాయపడదు, ఆ ఫలానావారి భూమి ఎక్కడ మొదలవుతుందన్నదే కదా తగాదా. "ఉత్తరం: బోదె" (చిన్న పంట కాలవ) అనో "పుంత" అనో ఉండి, ఆ బోదె ఇప్పటికీ పాతచోటే ఉంటే మాత్రం బలమైన ఆధారం.

ఇప్పుడు అసలు చిక్కుల్లోకి వద్దాం. పొలంలో నిజానికి మూడు గీతలుంటాయి. సర్వే గీత ఒకటి, దస్తావేజులు చెప్పే గీత ఒకటి, గట్టు రూపంలో కనబడే అనుభవం గీత ఒకటి. అదృష్టం బాగుంటే మూడూ ఒకటే. సర్వేయరు చూపించగలిగింది మొదటిదాన్ని మాత్రమే. "ఈ నేల ఎవరిది" అని తేల్చే అధికారం ఆయనకు లేదు, తహశీల్దారుకు కూడా హక్కు విషయంలో పరిమితులున్నాయి. అది సివిల్ కోర్టు పని.

ఈ మూడు గీతలు ఎక్కువగా విడిపోయేది ఒక సర్వే నంబరును ముక్కలుగా విడగొట్టే సబ్‌డివిజన్ల దగ్గర. అన్నదమ్ములు పెద్దమనుషుల్ని పెట్టుకుని పొలం పంచుకుంటారు. ఒకరికి మెరక వచ్చిందని గట్టు కాస్త జరుపుతారు, ఇంకొకరికి బోరు వచ్చిందని ఇంకాస్త. నేలమీద గట్టు వంకరగా ఉంటుంది, అందరూ సంతోషంగానే ఉంటారు. కొన్నేళ్ళకు పాసుపుస్తకాల కోసం సబ్‌డివిజన్ చేయించినప్పుడు, పొలానికి ఎవరూ వెళ్ళకుండా ఆఫీసులో కూర్చుని విస్తీర్ణం సగానికి కోసి తిన్నగా గీత గీసేస్తారు. రాళ్ళు నాటరు. మళ్ళీ ఇరవై ఏళ్ళకు మనవడి తరంలో ఒకరు అమ్మితే, కొన్నాయన సర్వేయరును తెస్తాడు. సర్వేయరు ఆ తిన్నటి గీతను నేలమీద దింపుతాడు. అది రెండోవారి కళ్ళం మధ్యలోంచి పోతుంది. ఇక్కడ "నాటినచోటే ఉన్న రాయి" అనే సూత్రం పనిచెయ్యదు, ఎందుకంటే రాయి ఎప్పుడూ నాటలేదు. అలాంటి కేసుల్లో నేను రిపోర్టులో రెండు గీతలూ చూపించి, సబ్‌డివిజన్ రికార్డుకు నేలమీద పాత గుర్తులేవీ లేవని స్పష్టంగా రాస్తాను. కొత్త రాయి మాత్రం నాటను. పంపకాల కాగితం తీసి, సబ్‌డివిజన్ సరిచేయించుకోమంటాను. ఒప్పుకోకపోతే కోర్టు.

మీ ఉత్తర హద్దు అసలు సర్వే నంబరు హద్దా, సబ్‌డివిజన్ హద్దా అనేది అందుకే ముఖ్యం. సబ్‌డివిజన్ అయితే పైన చెప్పిందంతా గుర్తుపెట్టుకోండి. ఊరు పూర్వం జమీందారీదైతే సర్వే కూడా 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాతే జరిగి ఉండొచ్చు, అప్పుడు మీ రాయి మీరనుకున్నంత పాతది కాకపోవచ్చు. దానివల్ల విలువ తగ్గదు. ఏ సర్వేలో నాటారో తెలియాలి, అంతే.

అనుభవం గీత గురించి ఒక హెచ్చరిక. సర్వే గీత ఎక్కడున్నా, అవతలివారు పన్నెండేళ్ళకు పైబడి బాహాటంగా, మీకు వ్యతిరేకంగా ఆ నేలను అనుభవిస్తుంటే దాని మీద హక్కు వాదన తేవచ్చు. మీకూ అదే వర్తిస్తుంది. సర్వే గీత నాలుగడుగులు మీ చేలోకే ఉందని తేలినా, మీ కుటుంబం తరతరాలుగా ఆ గట్టు దాకా సాగు చేస్తుంటే కథ అక్కడితో అయిపోదు. ప్రభుత్వ భూమి అయితే ఆ గడువు ముప్పై ఏళ్ళు. ఇది నిరూపించడం తేలిక కాదు, లాయరుతో మాట్లాడాలి. సర్వేయరు ఈ మాట రిపోర్టులో రాయకూడదు, గట్టు ఎక్కడుందో రాస్తే చాలు.

మీ ఊళ్ళో రీసర్వే అయిందా? ఇది తప్పక కనుక్కోండి. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరు 21న జగ్గయ్యపేట మండలం తక్కెళ్ళపాడులో మొదలైన రీసర్వేలో డ్రోన్లు, కోర్స్ స్టేషన్లు (రోవరు కొలతను సరిదిద్దే స్థిర కేంద్రాలు), రోవర్లు వాడారు. సర్వే నంబర్ల బదులు ఎల్పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబర్లు వచ్చాయి. రీసర్వే పూర్తయి నోటిఫై అయిన ఊళ్ళో కొత్త రికార్డే నడుస్తుంది, పాత ఎఫ్ఎంబీ పట్టుకుని వాదించడం కష్టం. రీసర్వేలో పరికరాలు బాగానే పనిచేశాయి. రోవరు పట్టుకున్న మనిషికి హద్దు ఎవరు చూపించారన్నదే అసలు సంగతి. మీరు హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉండి నోటీసు చూసుకోకపోతే, పొలం దగ్గరున్న పక్కాయన చూపించిన గట్టే ఎక్కి ఉంటుంది. తప్పు హద్దు సెంటీమీటరు తేడా లేకుండా నమోదవుతుంది. ఇద్దరు ముగ్గురి భూమికి కలిపి ఒకే నంబరు, అంటే ఉమ్మడి ఎల్పీఎం, పడిన చోట్ల అయితే మధ్య గీతే లేదు. మీది అలాంటిదైతే ఆలస్యం చెయ్యకుండా అభ్యంతరం రాతపూర్వకంగా పెట్టండి.

ఫోన్ యాప్‌లో పొలం చుట్టూ నడిచి గీత గీసి, "చూడండి సార్, రాయి ఐదు మీటర్లు అవతల ఉంది" అనేవాళ్ళు ఈమధ్య ఎక్కువయ్యారు. మామూలు ఫోన్ జీపీఎస్ తప్పే అన్ని మీటర్లుంటుంది. ఉపగ్రహ చిత్రం మీద గ్రామపటం పరిచి చూపించే వెబ్‌సైట్లలో పటం మొత్తం ఒక పక్కకు జరిగి ఉండొచ్చు. అవి పొలం ఎక్కడుందో చూసుకోవడానికి పనికొస్తాయి, హద్దు తగాదాకు పనికిరావు.

అమెరికాలో ఇళ్ళు కొన్న మనవాళ్ళు కూడా అప్పుడప్పుడు అడుగుతుంటారు, ఫెన్సు దగ్గర ఇనుప పిన్ను ఒకచోట, ప్లాట్ మ్యాప్ కొలత ఒకచోట అని. అక్కడ కూడా మామూలు సూత్రం ఇదే: మొదట నాటిన గుర్తు కదలకుండా ఉంటే రాసిన దూరం కంటే దానికే ఎక్కువ విలువ, విస్తీర్ణం అన్నిటికంటే చివర. మిగతా వివరాలు రాష్ట్రాన్ని బట్టి మారతాయి, స్థానిక లైసెన్సుడు సర్వేయరునే అడగాలి.

తెలంగాణ పాఠకులకు: మీ దగ్గర ఎఫ్ఎంబీ బదులు టిప్పన్ ఉంటుంది, విస్తీర్ణానికి సేత్వార్ అనే పాత సర్వే రిజిస్టరు చూస్తారు. గొలుసు 33 అడుగులు, దానికి 16 ఆణాలు, అంటే ఆణా రెండడుగుల ముప్పావంగుళం. గొలుసు పొడవూ గొలుసు వెడల్పూ ఉన్న చదరం ఒక గుంట, 121 గజాలు. ఆణా పెద్ద కొలమానం కాబట్టి టిప్పన్ అంకెను అంగుళాల దాకా లాగడం ఇంకా ప్రమాదం, పాత హద్దురాళ్ళకు ఇంకా ఎక్కువ విలువ. 2020లో వచ్చిన ధరణిలో గానీ, 2025లో వచ్చిన భూభారతిలో గానీ విస్తీర్ణం సరిగ్గా కనబడినంత మాత్రాన నేలమీద హద్దు తేలినట్టు కాదు.

సరే, మీరు ఇప్పుడు ఏం చెయ్యాలి? అన్నిటికంటే ముందు, చెరువు తవ్వకం మొదలుకాక ముందే ఆ రాయికి గుర్తులు కట్టుకోండి. పొక్లెయిన్ దిగితే రాయీ, గట్టూ, తాటిచెట్టూ ఏవీ మిగలవు. రాయి మొదలు నుంచి కదలని వస్తువులు మూడింటికి, కల్వర్టు మూల, బోరు, కరెంటు స్తంభం లాంటివాటికి, టేపుతో దూరాలు కొలిచి కాగితం మీద రాసుకోండి. తేదీ పడేలా నాలుగు వైపులా ఫొటోలు తియ్యండి. వీలైతే పక్కాయన ఎదుటే చెయ్యండి. రాయిని మీరు ముట్టుకోవద్దు, నిటారుగా నిలబెడదామని కూడా చూడొద్దు. ప్రభుత్వం నాటిన హద్దురాయిని జరపడం నేరం, పాత ఐపీసీలో 434వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు ఉండేది. పైగా మీరు చెయ్యి పెట్టిన క్షణం నుంచి ఆ రాయి సాక్ష్యంగా పనికిరాదు. కొత్త గుర్తును కూడా పీకెయ్యకండి.

తర్వాత సచివాలయంలో మీ పేరున ఎఫ్-లైన్ దరఖాస్తు (హద్దులు కొలిచి చూపించమని అడిగేది) పెట్టండి. మొదటి కొలత పక్కాయన దరఖాస్తు మీద జరిగింది, దాని నోటీసు మీకు అందిందా లేదా చూసుకోండి. అందకపోతే అదే ఒక అభ్యంతరం. కొలత రోజు మీరు పొలంలో ఉండాలి. మీ ఎఫ్ఎంబీ, చుట్టూ ఉన్న నంబర్ల ఎఫ్ఎంబీలు నకళ్ళు తీసుకెళ్ళండి. మొదలుపెట్టే రాళ్ళ మధ్య దూరం పటంతో కలిసిందో లేదో మీ ఎదుట కొలవమనండి. ఖాళీ పంచనామా మీద సంతకం పెట్టొద్దు. ఒప్పుకోకపోతే "ఒప్పుకోవడం లేదు, కారణం ఇదీ" అని దాని మీదే రాసి సంతకం పెట్టండి. ఆ ఫలితం మీద కూడా అనుమానం ఉంటే డివిజన్‌లో సర్వే ఇన్‌స్పెక్టరు, ఆపైన జిల్లా ఏడీ (సర్వే శాఖ అసిస్టెంట్ డైరెక్టరు) ఉన్నారు. చివరికి కోర్టుకు వెళ్తే సీపీసీ (సివిల్ ప్రొసీజర్ కోడ్) ఆర్డర్ 26 రూల్ 9 కింద అడ్వకేట్ కమిషనరును వేయించుకుని, సర్వేయరు సాయంతో ఇద్దరి చేలూ కలిపి కొలిపించమని అడగండి. ఒక్క మీ చేను మాత్రం కొలిస్తే ఏమీ తేలదు.

కోర్టు దాకా పోకముందు ఒక మాట. రెండున్నర సెంట్ల కోసం పదేళ్ళు తిరిగిన కుటుంబాలను చూశాను. పరీక్షలో తేడా అడుగులోపు తేలితే మధ్యకు సర్దుకోండి. నాలుగడుగులూ నిజమైతే, చెరువు గట్టు ఎంత ఎడంగా వెయ్యాలన్నది కలిపి మాట్లాడుకోండి. నీటి ఊట వల్ల మీ వరికి వచ్చే నష్టం ఈ నాలుగడుగుల కంటే ఎక్కువ కావచ్చు. ఏది ఒప్పుకున్నా స్కెచ్ గీసి, కొలతలు వేసి, ఇద్దరూ సంతకాలు పెట్టాలి. నేల నిజంగా చేతులు మారుతుంటే రిజిస్టరు చేయించాలి, తెల్లకాగితం చాలదు.

మీ నంబరు, ఉత్తరం పక్క నంబరు రెండు ఎఫ్ఎంబీలూ పేర్లు కనబడకుండా ఫొటో తీసి ఇక్కడ పెట్టండి. సర్వేయరు ఎక్కడి నుంచి మొదలుపెట్టాడో కూడా రాయండి. ఏ రాళ్ళు వెతకాలో, ఏ గీతలు ముందు కొలిపించాలో చూసి చెప్తాను.